వెనిగర్ వాళ్ళమ్మాయి, వైన్ వాళ్ళ కోడలు

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారం రోజులకే ఆమెకు తెలిసిపోయింది, తను వచ్చి పడింది మాటల మనుషుల మధ్యన అని. భోజనాల బల్ల ముందు కూర్చోగానే మామగారు మొదలుపెట్టేవారు. ఆయన ఊపిరి తీసుకునే సందులో బావగారు అందుకునేవారు. తోడికోడలు ఇద్దరి మాటలకూ సమానంగా తల ఊపేది. ఆమె భర్త ఒక్కడే, తినడానికి వచ్చినవాడు తిని, తన కంచం తను కడిగి పెట్టి, వ్యాను తుడుచుకోవడానికి వెళ్ళిపోయేవాడు. నోట్లో నాలుక లేని పిల్లాడని ఇంట్లో అందరూ అతన్ని ముద్దుగా అనేవారు. ఆమెకు మాత్రం ముద్దేమీ రాలేదు. కోరి కోరి ఒక మొద్దును నాకు కట్టబెట్టారు అనుకుంది.

ఆమె పుట్టింటివాళ్ళు వెనిగర్ తయారుచేసేవారు. కార్ఖానా అని బోర్డు ఉండేది కానీ, నిజానికి అది ఇంటి వెనక ఒక పొడవాటి రేకుల షెడ్డు, అందులో రెండు వరసల చెక్క పీపాలు. పదేళ్ళ వయసు నుంచి పీపాల మూతలెత్తి వాసన చూడడం ఆమె పని. ఏది పదునెక్కింది, ఏది ఇంకో నెల ఆగాలి, ఏది చెడిపోయి పారబోతకు సిద్ధమైంది, మూత ఎత్తీ ఎత్తకముందే చెప్పేసేది. సరిగ్గా చెప్పినందుకు నాన్న ఏనాడూ భేషనలేదు. తప్పు చెబితే మాత్రం నెత్తిన ఒక మొట్టికాయ. అలా పెరిగిన మనిషికి పొగడ్తల మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరైనా దేన్నైనా ఆకాశానికి ఎత్తేస్తుంటే ఆమె ముక్కు దానంతటదే ముడుచుకునేది. అది దాచుకోవడం ఆమెకు చేతకాలేదు, చివరిదాకా.

అత్తవారిది గాజు సామాన్ల వ్యాపారం. విదేశాల నుంచి సన్న కాడల గ్లాసులు, మెడ పొడుగు జగ్గులు తెప్పించి హోటళ్ళకు వేసేవారు. వెనిగర్ నింపే ఖాళీ సీసాలు ఆమె నాన్న వాళ్ళ దగ్గరే కొనేవాడు. ఆ పరిచయం మీదే సంబంధం కుదిరింది.

పెళ్ళయిన రెండో ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం మామగారు చెంచా కింద పెట్టి ప్రకటించారు.

"ఇరవై ఏళ్ళుగా గ్లాసులమ్ముతున్నాం. ఆ గ్లాసులో ఇంకెవడో వచ్చి పోసి పేరు కొట్టేస్తున్నాడు. మనం పోస్తే తప్పేంటి? ఇకనుంచి మనం వైన్ దింపుతాం. మామూలు సరుకు కాదు, గొప్ప గొప్ప తోటల సరుకు."

"నేనూ అదే అనుకుంటున్నాను నాన్నా," అన్నారు బావగారు. తండ్రి ఏది చెప్పినా ఆయన అంతకుముందు నుంచే అదే అనుకుంటూ ఉండేవారు.

వైన్ గురించి నేర్చుకురావడానికి బావగారిని విదేశం పంపారు. పన్నెండు రోజుల శిక్షణ. పన్నెండు రోజుల్లో మనిషి ఏం నేర్చుకుంటాడో ఆమెకు తెలియదు కానీ, బావగారు మాత్రం మెడలో ఒక పట్టు రుమాలుతో, పటం కట్టించిన ఒక సర్టిఫికెట్టుతో, ఇంతకుముందు లేని ఒక దగ్గుతో తిరిగొచ్చారు. గ్లాసు వాసన చూసే ముందు ఆ దగ్గు దగ్గేవారు. తర్వాత కళ్ళు మూసుకునేవారు.

"ఆహా! వాన వెలిసిన అడవి... చెర్రీ పళ్ళు... వెనకాతల ఎక్కడో పాత తోలు జీను..."

"జీను వాసన మీరెప్పుడు చూశారు బావగారూ? గుర్రమెక్కారా?" అంది ఆమె, బల్ల తుడుస్తూ.

తోడికోడలు ఊపుతున్న తల ఆపింది. బావగారు కళ్ళు తెరిచి, పసిపిల్లల్ని చూసి నవ్వినట్టు నవ్వారు. "వెనిగర్ వాళ్ళమ్మాయివి, నీకు వైన్ సంగతి ఎలా తెలుస్తుందమ్మా!"

ఆ మాట ఇంట్లో అందరికీ తెగ నచ్చింది. అప్పట్నుంచి ఆమె ఏది చెప్పినా అదే జవాబు.

మొదటి సరుకు దిగిన రోజు హడావుడి అంతా ఇంతా కాదు. ముందు గదిలో కిటికీ పక్కన గాజు బీరువా పెట్టించి, సీసాలన్నిటినీ సైనికుల్లా నిటారుగా నిలబెట్టారు. మధ్యాహ్నం ఎండ సూటిగా వాటి మీదే పడేది. ఎర్రటి వైన్‌లోంచి దిగిన వెలుగు నేల మీద పరుచుకుంటే మామగారు చేతులు వెనక్కి కట్టుకుని మురిసిపోయేవారు.

"మామగారూ, వాటిని పడుకోబెట్టాలి," అంది ఆమె. "బిరడా లోపలివైపు తడిగా ఉండాలి. లేకపోతే ఎండిపోయి గాలి దూరుతుంది. అసలీ ఎండలో ఉంచనే కూడదు."

"పడుకోబెట్టాలా? జోల కూడా పాడమంటావా?" అన్నారు బావగారు.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. భర్త కూడా నవ్వలేదు గానీ, అతను దేనికీ నవ్వడు కాబట్టి ఆమె దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

వేసవి గడిచేసరికి బిరడాలు ఎండి, సగం సీసాలు పులిసి కూర్చున్నాయి. ఒక పెద్ద హోటల్ నుంచి పెట్టెలు పెట్టెలుగా తిరిగొచ్చాయి. ముందు గదిలో మామగారు ఒక సీసా తెరిచి, తాగి, ముఖం చిట్లించి, "ఇది ఆ తోట పద్ధతేమో?" అని పెద్దకొడుకు వైపు ఆశగా చూశారు. బావగారు దగ్గారు.

"మా నాన్నకి పంపేద్దామా? ఆయనకైతే పనికొస్తాయి," అంది ఆమె.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మామగారు గోడౌన్ తాళాల గుత్తి తెచ్చి ఆమె ముందు బల్ల మీద విసురుగా పడేశారు. "అంత తెలిసినదానివైతే నువ్వే చూసుకో!" అది శిక్ష అనుకునే వేశారు. పెద్దింటి కోడలు గోడౌన్‌లో కూర్చోవడమంటే మరి శిక్షే. ఆమె చెయ్యి తుడుచుకుని తాళాలు తీసుకుంది. ఆ ఇంట్లో తనకు దక్కిన మొదటి సుఖం అదేనని తర్వాత చాలా ఏళ్ళకు భర్తతో ఒప్పుకుంది.

గోడౌన్ ఒక పాత బట్టల మిల్లు వెనక భాగం. గోడలు మూరెడు మందం. ఆమె కిటికీలన్నీ మూయించింది, చల్లదనం నిలిపే యంత్రాలు పెట్టించింది, ప్రతి వరసకూ ఒక ఉష్ణమాపకం కట్టింది. సీసాలు పడుకోవడానికి చెక్క అరలు కావాలంది. వడ్రంగిని పిలుద్దామని బావగారు ఇంకా ఆలోచిస్తుండగానే, భర్త వ్యాన్‌లో చెక్కలు తెచ్చుకుని ఒక్కడే మొదలుపెట్టాడు. నెల రోజుల్లో నేల నుంచి కప్పుదాకా అరలు లేచాయి. ఒక్కటీ కదిలేది కాదు. "కింది వరస ఇంకా ఒక బెత్తెడు ఎత్తుండాల్సింది," అంది ఆమె. మర్నాడు ఆమె వచ్చేసరికి కింది వరస బెత్తెడు లేచి ఉంది. థాంక్స్ చెప్పాలని ఆమెకు తోచలేదు. చెప్పకపోతే ఏమవుతుందని అతనికీ తోచలేదు.

అక్కడ పనిచేసే ప్యాకింగ్ ఆడవాళ్ళు ఆమెకు 'ముక్కమ్మ' అని పేరు పెట్టారు. వెనకాల అనుకునేవారు కానీ ఆమెకు వినపడేది. రేవు నుంచి పెట్టె రాగానే ఒక సీసా తీసి, గ్లాసులో వేలెడు పోసి, దగ్గూ లేదు కళ్ళు మూసుకోవడమూ లేదు, ఒక్కసారి వాసన చూసేది. తర్వాత ఒకే మాట. "ఉడికిపోయింది." అంటే ఓడలోనో రేవులోనో ఎండకు కాగిందని. "అట్టముక్క." అంటే బిరడాకు బూజు పట్టి, తడిసిన అట్ట వాసన లోపలికి దిగిందని. "పరవాలేదు." ఇది ఆమె దగ్గర అత్యున్నత బిరుదు. ఏడాదికి రెండుమూడు సార్లు మించి వినపడేది కాదు.

నమూనాలుగా వచ్చిన సీసాల్లో ఒకసారి ముతక కాగితం లేబుల్‌తో, అది కూడా వంకరగా అంటించిన సీసా ఒకటి కనిపించింది. బావగారు దాన్ని చూడగానే పక్కన పెట్టేశారు. ఆమె తెరిచింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు పని ఆపి ఆమె ముఖం చూస్తూ నిలబడ్డారు, ఈసారి ఆ ముక్కు ముడుచుకోలేదు. ఒక గుటక తాగి, గ్లాసు భర్తకిచ్చింది. అతను తాగి, మామూలుగా మాటలు లేని మనిషి, "ఇంకొంచెం ఉందా?" అన్నాడు.

ఆ సీసా మీది చిరునామాకు ఆమె నిఘంటువు ముందేసుకుని ఉత్తరం రాసింది. సముద్రాల అవతల ఒక కొండవాలు మీద భర్త పోయిన ఒక ముసలావిడ తోట అది. జవాబు నాలుగు ముక్కల్లో వచ్చింది. ఆ ఏడు వడగళ్ళు పడి పంట సగమే చేతికొచ్చిందట, ఉన్నది కొంచెమేనట, మాటలు తక్కువ చెప్పేవాళ్ళకైతే అమ్ముతుందట. ఉత్తరం చదివి ఆమె పైకే నవ్వింది. గోడౌన్‌లో అందరూ ఉలిక్కిపడ్డారు.

వ్యాపారం నిలబడింది ఆ ముసలావిడ వైన్ మీదే. పెద్ద హోటళ్ళు కాదు, పది బల్లల చిన్న చిన్న భోజనశాలలు ఒకసారి తీసుకుని మళ్ళీ అడిగాయి, మళ్ళీ మళ్ళీ అడిగాయి. తొమ్మిదేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఏ ఏడు తీగలకు తెగులు తగిలింది, ఏ ఏడు కోత ముందొచ్చింది, ఆవిడ ఉన్నదున్నట్టు రాసేది. ఏ పెట్టెలో ఎన్ని సీసాలు అట్టముక్క వాసన కొట్టాయో ఆమె ఉన్నదున్నట్టు రాసేది. ఇద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగిన పాపాన పోలేదు. అంతటి స్నేహం ఆమెకు ఇంకెవరితోనూ లేదు.

"ఆ తోటను పట్టింది మావాడి నాలుక," అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. బావగారు వినయంగా రుమాలు సర్దుకునేవారు.

తొమ్మిదేళ్ళు అలా గడిచాక బావగారికి ఆ ముతక లేబుళ్ళు నామోషీ అనిపించాయి. ఒక వ్యాపార ప్రదర్శనలో ఆయనకొక దళారి తగిలాడు. ఉంగరాల చేతులు, ఊరంత నవ్వు. పదిహేనేళ్ళ నాటి, పెద్దల ఇళ్ళ నేలమాళిగల్లోంచి తీసిన అరుదైన వైన్ ఇప్పిస్తానన్నాడు. బావగారు ఆ ఏడు ముసలావిడకు ఆర్డర్ పంపకుండా ఆపేసి, కంటైనర్ నిండా బంగారు లేబుళ్ళ సరుకు దింపించారు.

పెట్టెలు గోడౌన్‌కు చేరగానే ఆమె ఒక సీసా వెలుతురుకు పట్టింది. అడుగున మడ్డి లేదు. పదిహేనేళ్ళు కదలకుండా పడుకున్న ఎర్ర వైన్ అడుగున కాస్తయినా మడ్డి దిగి ఉండాలి. బిరడా లాగింది. లోపలి చివర గోరంత మేర మాత్రమే రంగు పట్టి ఉంది. మిగతాదంతా నిన్న మొన్న కొట్టు నుంచి తెచ్చినట్టు తెల్లగా ఉంది. గ్లాసులో పోసింది. ముదిరిన వైన్ అంచు ఇటుక రంగుకు తిరగాలి. ఇది సిరాలా ఊదారంగులో మెరిసిపోతోంది. లేబుల్ దగ్గర ముక్కు పెట్టింది. పచ్చి జిగురు వాసన.

భర్తను పంపి బావగారిని పిలిపించింది. గ్లాసు తెల్లకాగితం మీద పెట్టి అన్నీ ఒక్కొక్కటిగా చూపించింది.

"బావగారూ, ఇది పదిహేనేళ్ళది కాదు. పదిహేను నెలలది కూడా అవునో కాదో. మిమ్మల్ని నిలువునా ముంచాడు వాడు."

బావగారి ముఖం ఒక్క క్షణం పాలిపోవడం ఆమె చూసింది. అంటే ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత ఆయన దగ్గారు.

"అందుకే వెనిగర్ వాళ్ళమ్మాయివి అనేది. గొప్ప తోటల బిరడాలు అలాగే ఉంటాయి. రేపు హోటళ్ళవాళ్ళంతా రుచి చూడ్డానికి వస్తున్నారు. అక్కడ నోరు తెరిచావంటే బాగుండదు, చెప్తున్నాను."

"నేనెందుకు తెరుస్తాను? మీ నోళ్ళు చాలవా?"

రుచి చూసే సభ ఒక హోటల్ హాల్లో జరిగింది. ఆమె చివరి కుర్చీలో కూర్చుంది. ఎవరో ఒకరైనా గ్లాసు కింద పెట్టి, "ఏమిటండీ ఇది?" అంటారని ఎదురుచూసింది. ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఒకాయన పొగాకు వాసన అన్నాడు. ఇంకొకాయన, కాదు కాదు, ఎండిన గులాబీ అన్నాడు. పత్రికలో రాసే ఆయన గ్లాసు వెలుతురుకు పట్టి, "పదిహేనేళ్ళు! వయసు తెలుస్తోంది!" అన్నాడు. ముప్పై మంది పెద్దమనుషులు వంటల్లో పోసుకునే వైన్‌ను చప్పరిస్తూ కళ్ళు తేలేస్తుంటే, ఆమెకు మొదట నవ్వొచ్చింది, తర్వాత అసహ్యమేసింది, ఆ తర్వాత చాలా నీరసమనిపించింది. సభ ముగిసేసరికి సరుకులో సగం అమ్ముడుపోయింది.

ఆ ఏడాదంతా ఆమె ఆ పెట్టెలను అరల్లోంచి తీయించి వ్యాన్‌కు ఎక్కించింది. మామగారిని, బావగారిని, తాగే జనాన్ని, అమ్మే హోటళ్ళను, అందరినీ మనసులో కడిగిపారేసింది. తను తెలిసి తెలిసి పంపిస్తున్న సంగతి మాత్రం ఆలోచించేది కాదు. ఒకరోజు వ్యాన్ తలుపు వేస్తూ భర్త అడిగాడు.

"ఇది మంచిది కాదని నీకు తెలుసుగా?"

"తెలుసు. చెప్పానుగా ఆయనకి."

"తాగేవాళ్ళకి చెప్పలేదుగా," అన్నాడు అతను, తలుపు గడియ పెట్టి.

అతను వెళ్ళిపోయాక ఆమె, ఈ మొద్దుకు అర్థమైంది నాకెందుకు కాలేదు అని మొట్టమొదటిసారి తనను తను ఈసడించుకుంది. ఆ రోజుకు పెట్టెలు పంపడం ఆపింది. మర్నాడు మామగారు వచ్చి కేకలేశారు. మళ్ళీ పంపింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చాలా ఏళ్ళ తర్వాత కూడా ఆమె ముఖం మాడిపోయేది.

అంతటి మోసం బయటపడింది ఏ నిపుణుడి నాలుక వల్లా కాదు, ఒక మంచు బకెట్ వల్ల.

రిటైరవుతున్న ఒక జడ్జిగారు తోటలో మధ్యాహ్నం విందు ఇచ్చారు. బంగారు లేబుళ్ళు కావాలని అడిగి మరీ తెప్పించుకున్నారు. ఎండ మండిపోతోంది. వడ్డించేవాళ్ళు ఎర్ర వైన్ సీసాలను తీసుకెళ్ళి మంచుగడ్డల బకెట్లలో ముంచారు. ఎర్ర వైన్‌ను అలా ముంచకూడదని చెప్పవలసిన బావగారు అక్కడే ఉన్నారు. ఆయన అప్పుడు ఎవరికో వాన వెలిసిన అడవి గురించి చెబుతున్నారు. ఆమె, భర్త మిగిలిన పెట్టెలు దింపి బల్ల పక్కన నిలబడి ఉన్నారు.

జడ్జిగారు స్వయంగా ఒక సీసా అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బంగారు లేబుల్ ఆయన వేళ్ళకు అంటుకుని వచ్చింది. బకెట్‌లో ఇంకో రెండు ఆకుల్లా తేలుతున్నాయి. ఆయన కళ్ళజోడు తగిలించుకుని, సీసాను తిప్పి, కింద ఉన్న అసలు లేబుల్‌ను తీర్పు చదివినట్టు గట్టిగా చదివారు.

"వంటకు మాత్రమే. పోయిన ఏడాది తయారీ." తలెత్తి బావగారి వైపు చూశారు. "పదిహేనేళ్ళ నాటిదన్నారు కదండీ?"

జడ్జిగారు ఇంకో సీసా తీసి బొటనవేలితో తోశారు. బంగారం జారిపోయింది. మూడోది తీశారు. ఆయనకు అందులో కాస్త సరదా కూడా పుట్టినట్టుంది. పదిహేనేళ్ళ వయసు తెలుస్తోందన్న పత్రికాయన అక్కడే ఉన్నాడు, గ్లాసు పూలకుండీ వెనక పెట్టి మెల్లగా గేటు వైపు నడిచాడు.

బావగారు రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. "అయ్యా... నేను... గోడౌన్ వ్యవహారం అంతా మా మరదలు చూస్తుందండీ. మరి అక్కడ ఏం మార్చారో, ఏం చేశారో..."

ఆమె నోరు తెరిచేలోపే పక్కనుంచి ఒక గొంతు వినపడింది. ఆ గొంతు ఎవరిదో అర్థం కావడానికి ఆమెకే కాస్త సమయం పట్టింది.

"అన్నయ్యా, ఆ పెట్టెలు దింపింది నేను. మొదటిరోజే గ్లాసులో పోసి తను నీకు చూపించింది. నేనక్కడే ఉన్నాను. నోరు తెరవొద్దని నువ్వే అన్నావు." అతను జడ్జిగారి వైపు తిరిగాడు. "ఇదండీ జరిగింది. తెలిసీ ఏడాదిపాటు మోసింది మేమిద్దరం. అదీ రాసుకోండి."

వ్యాన్‌లో తిరిగివస్తుంటే ఆమె అడిగింది, "ఇన్నేళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావ్?"

"అవసరం పడలా," అన్నాడు అతను, గేరు మారుస్తూ.

ఆ తర్వాత జరగవలసిందంతా జరిగింది. దళారి ఫోను మూగబోయింది. లైసెన్సు ఏడాదిపాటు ఆపేశారు. అమ్మిన సీసాల్లో మిగిలినవన్నీ వెనక్కి తెచ్చి గోడౌన్ పెరట్లో పారబోయించారు. అది చూస్తూ నిలబడ్డ మామగారు ఆ రోజు నుంచి భోజనాల బల్ల దగ్గర మాట్లాడడం మానేశారు. నెల తిరిగాక కొడుకులిద్దర్నీ పిలిచి పంపకం చేశారు. పరువున్న గాజు వ్యాపారం పెద్దకొడుక్కి. పేరు చెడిన వైన్, పాత మిల్లు గోడౌన్ చిన్నకొడుక్కి. "మీరిద్దరేగా నా పరువు తీసింది, మీకదే సరి," అన్నారు. మోసం చేసినవాడు పరువు తీయలేదు, నిజం చెప్పినవాళ్ళు తీశారు! ఆమె ఎదురు చెప్పలేదు. పెద్దాయన కాబట్టి ఊరుకుంది అనుకున్నారందరూ. గోడౌన్ దక్కినందుకు లోలోపల పొంగిపోతూ, అది ముఖంలో కనపడకూడదని తల దించుకుందని ఎవరికీ తెలియదు.

ముసలావిడకు జరిగిందంతా దాచకుండా ఉత్తరం రాసింది. ఆర్డర్ ఎందుకు ఆగిందో, తను ఏడాదంతా ఏం చేసిందో కూడా రాసింది. మూడు నెలలు జవాబు లేదు. నాలుగో నెల జవాబుకు బదులు పన్నెండు పెట్టెలు వచ్చాయి, ఒక చీటీతో. 'నా దగ్గరా జిగురు సరిగ్గా అంటదు. లోపలిది మాత్రం నాదే. కాళ్ళు పనిచేయడం లేదు, కోతలకు మనుషుల్ని పెట్టాను.' ఆవిడ తన ఒంటి సంగతి రాయడం అదే మొదలు. ఆ చీటీ పట్టుకుని ఆమె ప్యాకింగ్ బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు ఎటో చూస్తూ సీసాలకు కాగితాలు చుట్టారు.

లైసెన్సు తిరిగొచ్చాక గోడౌన్ ముందు గదినే అంగడిగా మార్చారు. సరుకు మంచిది, అరలు చల్లగా ఉన్నాయి, ధర సబబే. కొనేవాళ్ళే నిలబడేవారు కాదు. కారణం వెతుక్కోనక్కర్లేదు. బల్ల వెనక ఆమె కూర్చునేది.

"ఈ రెంటిలో ఏది బాగుంటుందండీ?" అని ఎవరైనా అడిగితే, "మీకు తేడా తెలుస్తుందా?" అనేది. సీసా నిలబెట్టి ఉంచుతామని పొరపాటున చెప్పినవాళ్ళకు సీసా ఇచ్చేదే కాదు. బంగారు లేబుల్‌ను మెచ్చుకున్న ఆ ముప్పై మందీ కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళ ముఖంలోనూ ఆమెకు కనపడేవారు. ఒకసారి ఒక స్కూలు టీచరమ్మ వచ్చి, చెల్లెలికి కానుకగా ఏదైనా చెప్పమంది. ఆమె యథాప్రకారం ముక్కు విరిచి ఏదో అంది. టీచరమ్మ కోప్పడలేదు.

"తెలియకే కదమ్మా అడిగాను. తెలిస్తే మీ దాకా ఎందుకొస్తాను?" అని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి చివరిదాకా వెళ్ళి చూసింది కానీ, అప్పటికే ఆవిడ బస్సెక్కేసింది.

గాజు వ్యాపారం ఆరేళ్ళు నడిచి మూతపడింది. మామగారు అంతకు కొన్నాళ్ళ ముందే కన్నుమూశారు. తోడికోడలు ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరిందని, తల ఊపడం అక్కడ బాగా పనికొస్తోందని తెలిసింది. ఒక ఉదయం అంగడి తెరిచేసరికి గుమ్మం ముందు బావగారు నిలబడి ఉన్నారు. మెడలో రుమాలు లేదు. చెంపలు లోపలికి పోయాయి.

"తమ్ముడు లేడా?" అన్నారు.

"రేవుకెళ్ళాడు. నాతో చెప్పండి."

పని కావాలని ఆయన నోటితో అనలేకపోయారు; అరలను చూసి, "తమ్ముడు భలే కట్టాడు," అన్నారు. ఇన్నేళ్ళుగా ఉన్న అరలను ఆయన ఆ రోజే చూసినట్టున్నారు. ఆమెకు నోటిదాకా చాలా మాటలొచ్చాయి. జడ్జిగారి తోటలో ఆయన తన మీదకు తోసిన మాట ఒక్కటి చాలు, గుమ్మంలోంచే పంపేయడానికి. కానీ అంతకు వారం ముందే టీచరమ్మ వెళ్ళిపోయింది. ఈ మనిషికి ఏ వాసనా తెలియదు. నిజమే. కానీ గుమ్మంలోకి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, నవ్వించి, పంపడం తెలుసు. అది తనకు రాదు, భర్తకు అసలే రాదు.

"బల్ల దగ్గర మీరు కూర్చోండి," అంది. "జీతమిస్తాం. ఒకటే షరతు. మీ ముక్కుకు తగలని వాసన పేరెత్తారంటే ఆ రోజే ఇంటికి పంపేస్తాను. అడవులూ, జీన్లూ నా దగ్గర కుదరవు."

"మరేం చెప్పను?"

"ఉన్నది చెప్పండి. ఎవరి తోట, ఏ ఏడు, మీకు నచ్చిందా లేదా. అంతే."

అంత తక్కువ మాటలతో మనిషి బతకగలడా అన్న సందేహం బావగారి ముఖంలో స్పష్టంగా కనిపించింది. అయినా కూర్చున్నారు.

అంగడి ఆయన వల్ల నిలదొక్కుకుంది. అది చెప్పక తప్పదు. వచ్చినవాళ్ళు ఆయనతో మాట్లాడడానికి మళ్ళీ వచ్చేవారు. ఆమె ఒక్కసారి కూడా ఆయన్ని మెచ్చుకోలేదు. రోజుకు ఒకసారైనా తలుపు చాటు నుంచి వినేది, ఎక్కడైనా అడవి మొలుస్తుందేమోనని. మొదటి నెలలో రెండుసార్లు మొలిచింది. రెండుసార్లూ అందరి ముందూ కడిగేసింది.

మొన్నామధ్య ఒక చిన్న భోజనశాల యజమాని వచ్చి ఒక సీసా చూపించి, ఇది ఇంకా కొన్నేళ్ళు దాచుకోవచ్చా, ఇప్పుడే తాగేయాలా అని అడిగాడు. బావగారు దగ్గబోయి ఆగారు. లోపల ఆమె పని ఆపి చెవి ఒగ్గింది.

"నాకు తెలియదండీ," అన్నారు బావగారు. "ఉండండి, మా మరదలిని అడిగి చెప్తాను. ఆవిడకు తెలుస్తుంది."

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. సీసా అందుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"ఆ మాత్రం తెలియదా బావగారూ? ఇన్నేళ్ళ నుంచి ఇక్కడే కూర్చుంటున్నారు."

"తెలియదమ్మా," అన్నారు ఆయన మళ్ళీ, కుర్చీ ఆమె వైపు జరుపుతూ. "నువ్వే చెప్పు."

ఆమె కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.